ఇంటి వెలుపల ఒక బల్ల



మన కుటుంబాలలో కొన్నేళ్ళుగా తరచుగా వినబడుతున్న మాట ఒకటి ఉంది. అదే "ఇంటి నుండి ఉద్యోగం." 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇది కొద్ది వారాల ఏర్పాటేనని అందరూ అనుకున్నారు. ఆ వారాలు నెలలయ్యాయి, నెలలు సంవత్సరాలయ్యాయి. ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న తరువాత కూడా అనేక కంపెనీలు వారంలో కొన్ని రోజులు ఇంటి నుండే పని చేయనిస్తున్నాయి. బస్సులో నిలబడి వెళ్ళే శ్రమ తప్పింది, పిల్లలు బడి నుండి వచ్చేసరికి తల్లో తండ్రో ఇంట్లో ఉంటున్నారు. ఇవి గొప్ప మేళ్ళే. అయితే ఆఫీసు మన ఇంట్లోకి వచ్చి కూర్చున్నప్పుడు ఇల్లు ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము జంటనగరాలలో తిరిగిన చోట్లను గురించి, అక్కడ తెలుసుకున్న సంగతులను గురించి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

మాది సికింద్రాబాదు పక్కన మల్కాజిగిరిలో రెండు పడక గదుల ఇల్లు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, పిల్లల నాయనమ్మ, తాతయ్య. మా ఇద్దరిలో ఒకరిది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. రెండవవారిది మెడికల్ కోడింగ్, అంటే అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బులకు, చికిత్సలకు బిల్లుల నిమిత్తం సంకేత సంఖ్యలు వేసే పని. మంగళ, గురువారాలు ఇద్దరికీ ఇంటి నుండే. ఆ రెండు రోజులలో ఇంట్లో అందరూ తమంతట తామే గొంతు తగ్గించుకునేవారు. నాయనమ్మ సీరియల్ శబ్దం లేకుండా బొమ్మలు మాత్రమే చూసేది. తాతయ్య ఊరి నుండి ఫోను వస్తే మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడేవారు. చిన్నది పద్యం అప్పజెప్పాలంటే వంటగదిలో తలుపు వేసుకునేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయలేదు గనుకనే అది మా మనసుకు మరింత పట్టింది. ఎవరింట్లో వారు కాలి మునివేళ్ళ మీద నడవవలసి రావడం మంచిది కాదు.

ఇంకొక గది ఉన్న ఇంటికి మారదామంటే అద్దె భారం. డబ్బు కట్టి కుర్చీ తీసుకునే కోవర్కింగ్ ఆఫీసులు మాదాపూర్, గచ్చిబౌలి వైపు చాలా ఉన్నాయి గాని, నెలకు ఎనిమిది రోజుల కోసం అంత దూరం వెళ్ళేటట్లయితే ఆఫీసుకే వెళ్ళవచ్చు. అందుచేత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని, కాసేపు కూర్చొని పని చేసుకోగల హోటళ్ళను, కేఫ్‌లను వెదకడం మొదలుపెట్టాము.

కాఫీ బల్ల మీద పని కొత్తది కాదు

టీ కొట్టులో కూర్చొని ఉద్యోగం చేయడమేమిటని తాతయ్య నవ్వారు. కాని చరిత్ర చూస్తే ఇది చాలా పాత అలవాటు. లండన్ నగరంలో 1680ల చివర ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన ఒక కాఫీ హోటల్ నడిపేవాడు. ఓడల యజమానులు, సరకు పంపేవారు, నష్టం వస్తే మేము భరిస్తామని పూచీ పడేవారు అక్కడి బల్లల దగ్గరే కూర్చొని బేరాలు కుదుర్చుకునేవారు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన లాయిడ్స్ భీమా సంస్థ ఆ బల్లల నుండే పుట్టింది. అక్కడ యూనిఫారంలో ఉండే సిబ్బందిని ఇప్పటికీ "వెయిటర్లు" అనే పిలుస్తారట! అదే నగరంలో జొనాథన్స్ అనే మరొక కాఫీ హోటల్ నుండి 1698లో జాన్ కాస్టెయింగ్ అనే వ్యక్తి వాటాల ధరల పట్టిక వేసి పంచడం మొదలుపెట్టాడు. లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌కు మూలం అక్కడే ఉందని చెబుతారు.

మన దేశం సంగతి తీసుకుంటే, 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. మరుసటి ఏడు, 1996లో, బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి అంగడి తెరిచినప్పుడు అది కాఫీతోపాటు ఇంటర్నెట్ కూడా అమ్మే చోటు. నూరు రూపాయలు ఇస్తే ఒక కాఫీ, గంటసేపు కంప్యూటర్. అప్పుడు కంప్యూటర్ అంగడివారిది, ఇప్పుడు మనమే తెచ్చుకుంటున్నాము. అంతే తేడా.

ఇరానీ హోటల్ దగ్గర

మా వెదుకులాట సహజంగానే సికింద్రాబాదు స్టేషను పరిసరాలలోని ఇరానీ హోటళ్ళతో మొదలయింది. ఇరాన్ దేశం నుండి బొంబాయి, పూనా మీదుగా వచ్చి స్థిరపడినవారు ఈ నగరానికి ఇచ్చిన కానుక ఈ హోటళ్ళు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో మొదలయింది. సికింద్రాబాదు ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా పుట్టింది. నాలుగు రోడ్ల మూలన రెండు వైపులా తెరిచిన గుమ్మాలు, చలువరాతి బల్లలు, వంపు చెక్క కుర్చీలు, గల్లాపెట్టె దగ్గర గాజు సీసాలలో ఉస్మానియా బిస్కెట్లు పాత ఇరానీ హోటల్ గుర్తులు. టీ డికాక్షను ఒక పాత్రలో మూత పెట్టి దమ్ మీద కాస్తారు. పాలు వేరే పాత్రలో చిక్కబడేవరకు మరిగిస్తారు. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఇద్దరు స్నేహితులు "వన్ బై టూ" అని ఒక టీని పంచుకొని గంటసేపు రాజకీయాలు మాట్లాడినా ఎవరూ లేవమనని మర్యాద ఇక్కడిది.

అటువంటి ఒక హోటల్‌లో మూల బల్ల దగ్గర కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచాము. చాలా ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న పెద్దాయన టీ పెట్టి, తెర వైపు ఒకసారి చూసి, "ఎంతసేపైనా కూసోండి సార్. పన్నెండు దాటితే మాత్రం బిర్యానీ టైం" అన్నాడు. ఒక్క మాటలో ఆ చోటు నియమమంతా చెప్పేశాడు. ఉదయం పదిన్నర నుండి పన్నెండు వరకు ఆ బల్ల మాది. తరువాత అన్నానికి వచ్చేవారిది.

అక్కడ వైఫై లేదు, కరెంటు ప్లగ్గు లేదు. బ్యాటరీ నిండా ఉంటే గంటన్నర పనికి అవి అవసరం లేదు కూడా. ఫోను నుండి ఇంటర్నెట్ పంచుకుంటే సరిపోతుంది. 2016 తరువాత మొబైల్ డేటా చవకయినందుకు ఇది సాధ్యమయింది. నివేదికలు చదవడం, ఉత్తరాలకు జవాబులు వ్రాయడం, లెక్కలు సరిచూడడం వంటి పనులకు ఆ చోటు మిక్కిలి బాగుంటుంది. కప్పుల గలగల, "దో చాయ్" అనే కేకలు, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్లు అన్నీ కలిసి ఒకే హోరుగా మారి కొంతసేపటికి చెవి వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

ఈ హోరును గురించి ఒక పరిశోధన కూడా ఉంది. 2012లో రవి మెహతా, ఆయన సహచరులు అమెరికాలో ప్రచురించిన వ్యాసంలో సుమారు 70 డెసిబెల్స్ మోస్తరు శబ్దం కొత్త ఆలోచనలు కావలసిన పనికి సహాయపడుతుందనీ, 85కు చేరితే చెరుపు చేస్తుందనీ తేల్చారు. డెసిబెల్స్ కొలిచే పరికరం మన దగ్గర ఉండదు. దానికి మేము పాటించే కొలత ఒకటే. బల్లకు అటు కూర్చున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే ఆ చోట పని సాగుతుంది. అరవవలసి వస్తే టీ త్రాగి లేచిపోవడమే మేలు.

అయితే ఒక సంగతి గమనించాలి. చాలా ఇరానీ హోటళ్ళు ఇప్పుడు కుర్చీలు తగ్గించి నిలబడి త్రాగే గట్లు పెడుతున్నాయి. అద్దెలు పెరిగినప్పుడు 20, 25 రూపాయల టీ మీద ఒక బల్లను పోషించడం కష్టం. అందుచేత అటువంటి చోట కూర్చోనివ్వడం వారి దయే గాని మన హక్కు కాదు.

సైనిక్‌పురి బంగళాలు

తరువాత మేము సైనిక్‌పురి వైపు వెళ్ళాము. విశ్రాంత సైనికోద్యోగుల కోసం ఏర్పడిన ఈ కాలనీలో పెద్ద చెట్లు, విశాలమైన ఆవరణలు ఉన్న పాత బంగళాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు కేఫ్‌లు అయ్యాయి. వరండాలో బల్లలు, మామిడి చెట్టు నీడ, గోడకు ప్లగ్గులు, మంచి వైఫై, శుభ్రమైన మరుగుదొడ్డి. ల్యాప్‌టాప్‌తో వచ్చేవారికి కావలసినవన్నీ ఉన్నాయి. కాఫీ మాత్రం రెండు వందల రూపాయల పైమాటే.

అక్కడ ఒక కేఫ్ గోడ మీద "శని, ఆదివారాలలో ల్యాప్‌టాప్‌లకు అనుమతి లేదు" అని వ్రాసి ఉంది. ఆ బోర్డు ఎందుకు పెట్టవలసి వచ్చిందని యజమానురాలిని అడిగాము. ఆమె ఏమీ దాచకుండా చెప్పింది.

"ఏం చేయమంటారండీ? నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఒక్కరు కూర్చుంటారు. ఒక కాఫీ చెప్తారు. నాలుగు గంటలు ఉంటారు. నేను లేవమని అనలేను, మా అమ్మ నేర్పలేదు. కాని పిల్లల్ని తీసుకొని భోజనానికి వచ్చినవాళ్ళు బల్ల లేక వెనక్కి వెళ్ళిపోతారు. ఈ ఇంటికి అద్దె కట్టేది నేను కాదు మేడం, ఆ బల్లలే కట్టాలి."

"కరెంటు ఖర్చు కూడా ఉంటుంది కదా?" అన్నాము.

"కరెంటు ఎంతండీ!" అని ఆమె నవ్వింది.

ఇంటికి వచ్చి లెక్క వేశాము. ల్యాప్‌టాప్ చార్జరు 65 వాట్లు. నాలుగు గంటలు పూర్తిగా నడిచినా 260 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో నాలుగవ వంతు. వ్యాపార రేటున చూసినా మూడు రూపాయలకు అటూ ఇటూ. ఆమె మాట నిజమే. మనం వాడుకునేది కరెంటును కాదు, వైఫైని కాదు. ఆ కుర్చీని, ఆ కాలాన్ని. మంచి కేఫ్‌ను వెదుకుతున్నామంటే మనం ఒక బల్లను గంటల లెక్కన అద్దెకు అడుగుతున్నామన్నమాట. కాఫీ ఖరీదు ఆ అద్దెకు మరో పేరు.

ఈ సంగతి అర్థమైన తరువాత మా పద్ధతి స్థిరపడింది. పెద్ద కేఫ్‌లో అయితే గంటన్నరకు ఒకసారి ఏదో ఒకటి కొనాలి. ఒక్కరే ఉంటే ఇద్దరు కూర్చునే చిన్న బల్లే తీసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నర నుండి రెండున్నర వరకు భోజనమైనా చేయాలి, లేదా బల్లైనా ఖాళీ చేయాలి. ప్లగ్గు పెట్టేముందు అడగాలి. వెళ్ళేటప్పుడు కప్పు తెచ్చిన అబ్బాయికి ధన్యవాదం చెప్పి, వీలయినంత ఇవ్వాలి. ఇలా నడుచుకుంటే రెండవసారి వెళ్ళేసరికి మనకు బల్ల వాళ్ళే చూపిస్తారు.

ఇల్లు లేని ఇల్లు

మాకు తెలిసినవారు చెప్పగా బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు కూడా వెళ్ళాము. సికింద్రాబాదులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఇర్రం మంజిల్‌లో దిగి ఆటోలో చేరుకున్నాము. ఇది హోటల్ కాదు. డాక్యుమెంటరీ చిత్రాలు తీసిన మోయిద్ హసన్ అనే ఆయన నివసించిన ఇల్లు. ఆయన తరువాత కుటుంబసభ్యులు, స్నేహితులు కలిసి దానిని 2010లో అందరికీ తెరిచిన సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. ఆవరణలోనే పెద్ద పెద్ద బండరాళ్ళు. వాటిని పగులగొట్టకుండా అలాగే ఉంచారు. సాయంత్రాలలో నాటకాలు, సంగీతం, చర్చలు జరుగుతాయి. పగలు చెట్ల క్రింద బల్లల దగ్గర యువతీ యువకులు ల్యాప్‌టాప్‌లతో కూర్చుంటారు. టీ, సమోసా తక్కువ ధరకే దొరుకుతాయి.

"లామకాన్" అనే ఉర్దూ మాటకు ఇల్లు లేనిది అని అర్థం. ఇల్లు ఆఫీసైపోయినందువల్ల వచ్చిన మాకు, ఒక ఇల్లు తన పేరును వదులుకొని అందరిదీ కావడం చూసి ఏమనాలో తోచలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. అయితే ఆరుబయలు గనుక ఏప్రిల్, మే నెలల ఎండలో మధ్యాహ్నం పని కష్టం. తెర మీద వెలుగు పడి అక్షరాలు కనబడవు. శీతాకాలపు ఉదయాలకు మాత్రం అంత హాయి అయిన చోటు మరొకటి మాకు కనబడలేదు. మల్కాజిగిరి నుండి రానూ పోనూ దాదాపు మూడు గంటలు పడుతుంది గనుక అది మాకు నెలకొక పండుగగానే మిగిలింది.

గ్రంథాలయంలో రెండు రోజులు

కాఫీ ఖర్చు లేని చోటు ఏదని ఆలోచిస్తే గ్రంథాలయం గుర్తుకు వచ్చింది. మనలో ఎందరికి తెలుసో గాని, మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాము. అంటే అక్కడి కుర్చీకి మనం ముందే డబ్బు ఇచ్చాము.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలయింది. ఇప్పటి భవనంలోకి 1936లో వచ్చింది. ఎత్తయిన పైకప్పు క్రింద పొడవాటి బల్లల దగ్గర కూర్చుంటే చదువు మీద గౌరవం తనంతట తానే కలుగుతుంది. మాకు దగ్గరలో ఉన్నది చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషనులో ఎక్కితే నాలుగవ స్టేషను. అక్కడ రెండు రోజులు కూర్చున్నాము.

ఆ గ్రంథాలయం ఉద్యోగ పరీక్షలకు చదివే యువతతో నిండి ఉంటుంది. పాలమూరు, నల్గొండ, ఆదిలాబాదు జిల్లాల నుండి వచ్చి అశోక్‌నగర్‌లో చిన్న గదులలో నలుగురైదుగురు కలిసి ఉంటూ, పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుంటారు. లోపల కుర్చీ దొరకనివారు ఆవరణలో చెట్ల క్రింద సొంత కుర్చీ వేసుకొని చదువుతారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకొని పదిహేను నిమిషాలలో తిని మళ్ళీ పుస్తకం పడతారు. మా పక్కన కూర్చున్న అమ్మాయి "అక్కా, మీరు ఏ గ్రూపుకు ప్రిపేర్ అవుతున్నరు?" అని అడిగింది. జీతం వచ్చే పనే చేసుకుంటున్నామని చెబితే, "మంచిగుంది అక్కా, నాక్కూడ అట్లనే కావాలె" అని నవ్వి పుస్తకంలోకి తల వంచింది.

మూడవ రోజు మేము వెళ్ళలేదు. నిశ్శబ్దానికి, గాలికి, వెలుతురుకు అక్కడ లోటు లేదు. కాని ఇరవై, పాతిక రూపాయలు పెట్టి టీ కొనుక్కొని వేరేచోట కూర్చోగలిగిన మనిషి, కూర్చోలేని మనిషి కుర్చీని తీసుకోవడం మాకు సమ్మతం కాలేదు. రద్దీ లేని శాఖా గ్రంథాలయాలు చాలా పేటలలో ఉన్నాయి. మధ్యాహ్నం పూట దినపత్రికలు చదివే ఇద్దరు ముగ్గురు పెద్దలు తప్ప ఎవరూ ఉండరు. పాఠకులు తమ పేటలోని గ్రంథాలయాన్ని ఒకసారి చూసి రావలసిందిగా కోరుతున్నాము. ఫోను మాట్లాడకూడదు, తినకూడదు అనే నియమాలు పాటించగలిగితే వ్రాత పనికి అంతకంటె మంచి చోటు లేదు.

బయట చేయకూడని పని

ఎంత మంచి చోటు దొరికినా అన్ని పనులూ అక్కడికి తీసుకువెళ్ళదగినవి కావు. మెడికల్ కోడింగ్ పనిలో రోగుల పేర్లు, జబ్బులు కళ్ళ ముందు ఉంటాయి. వాటిని వెనుక బల్లవారు చదవగలిగే చోట తెరవడం నియమాలకు విరుద్ధం. నియమాల సంగతి అలా ఉంచినా, ఎవరిదో బాధను హోటల్‌లో విప్పి పెట్టినట్లవుతుంది. బ్యాంకు లెక్కలు, జీతాల పట్టికలు, కోర్టు కాగితాలు కూడా ఇటువంటివే. ఇవి ఇంట్లోనో ఆఫీసులోనో చేయవలసినవి.

హోటల్ వైఫైని గురించి కూడా కొంచెం జాగ్రత్త కావాలి. అదే పేరుతో పక్కన మరెవరో దొంగ వైఫై పెట్టవచ్చు గనుక పేరును, పాస్‌వర్డ్‌ను కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. డబ్బు పంపే పనులు సొంత ఫోను డేటా మీదనే చేసుకోవాలి. కంపెనీవారు వీపీఎన్ ఇస్తే అది లేకుండా పని తెరవకూడదు. గోడకు వీపు ఆనించి కూర్చుంటే తెర ఎవరికీ కనబడదు. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినా తెరకు తాళం వేసే వెళ్ళాలి, ల్యాప్‌టాప్‌ను ఒంటరిగా విడిచిపెట్టకూడదు.

వీడియో మీటింగులు కూడా కేఫ్‌లో పెట్టుకోకపోవడమే మర్యాద. చెవికి యంత్రం పెట్టుకున్నవారికి తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. పక్కవారికి మాత్రం అరగంటసేపు తమకు సంబంధం లేని ఆఫీసు గొడవ వినక తప్పదు. పైగా గంట వీడియోకు సుమారు ఒక జీబీ డేటా ఖర్చవుతుంది. తప్పనిసరి అయితే వరండాలోకి వెళ్ళి, ముఖం కనబడకుండా మాట మాత్రమే మాట్లాడి ముగించాలి.

ఈ విధంగా చూసుకున్నప్పుడు మా ఇంట్లో పని పంపకం దానంతట అదే కుదిరింది. బయటికి తీసుకువెళ్ళగల పని ఉన్నవారు మంగళ, గురువారాలలో పదింటికి సంచి తగిలించుకొని ఇరానీ హోటల్‌కో, సైనిక్‌పురికో వెళ్తారు. బయటికి తీసుకువెళ్ళకూడని పని ఉన్నవారికి లోపలి గది తలుపు వేసుకొని పూర్తిగా దక్కుతుంది. మీటింగులన్నీ మధ్యాహ్నం మూడు తరువాతికి మార్పించుకున్నాము. అప్పటికి ఇద్దరమూ ఇంట్లోనే ఉంటాము గాని, ఒకరి తరువాత ఒకరు అదే లోపలి గదిని వాడుకుంటాము. ముందుగది రోజంతా ఇంటివారిదే.

నెలకు ఎనిమిది రోజులకు టీలు, కాఫీలు, బస్సు చార్జీలు కలిపి మాకు పదిహేను వందల రూపాయలకు లోపలే అవుతున్నది. ఇరానీ హోటల్ రోజులు ఎక్కువ, పెద్ద కేఫ్ రోజులు తక్కువ పెట్టుకున్నందువల్ల ఇది సాధ్యపడింది. ఈ డబ్బును మేము కాఫీ ఖర్చుగా వ్రాసుకోవడం లేదు. ఇంటి అద్దెలో కలిపి వ్రాసుకుంటున్నాము. ఎందుకంటే దీనితో మేము కొనుక్కున్నది మా ముందుగదినే.

నాయనమ్మ ఇప్పుడు సీరియల్‌ను శబ్దంతో చూస్తున్నది. పాత్రలకు సలహాలు కూడా ఇస్తున్నది. తాతయ్య మంచం మీద కాళ్ళు చాపుకొని ఊళ్ళోవారితో పెద్ద గొంతుతో వానల సంగతి మాట్లాడుతున్నారు. చిన్నది పద్యం అప్పజెప్పడం వంటగది నుండి ముందుగదికి వచ్చింది. అందరి గొంతులూ ఒకేసారి వినబడుతుంటే, లోపలి గదిలో తలుపు వేసుకొని ఉన్నవారికి కూడా అదేమీ అడ్డుగా లేదు.

మీ ఊరిలో ఇరానీ హోటల్ ఉండకపోవచ్చు, బంగళా కేఫ్ ఉండకపోవచ్చు. బస్టాండు దగ్గర శుభ్రమైన టిఫిన్ హోటల్ ఒకటి పదకొండు నుండి పన్నెండు వరకు ఖాళీగానే ఉంటుంది. శాఖా గ్రంథాలయం ఉంటుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారిని "గంటసేపు కూర్చొని పని చేసుకోవచ్చా అండీ?" అని అడిగి చూడండి. అడిగినవారిని కాదనేవారు తక్కువ. ఒక దోసె, ఒక కాఫీ చెప్పండి. ఎదురుగా ఎవరైనా చోటు కోసం నిలబడితే సంచి తీసి పక్కన పెట్టుకోండి. ఇంటివారు మన కోసం ఎంతో సర్దుకున్నారు. వారి ఇంటిని వారికి ఇవ్వడానికి మనం చేయవలసినది ఈ కొద్దిపాటి నడకే.